లెక్కలు తప్పించుకుని ఎంచుకున్న సబ్జెక్టులు

సంపాదకులకు,

బయోమెడికల్ ఇంజినీరింగ్ ఎలక్టివ్‌ల గురించి మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసాన్ని మా అమ్మాయి నాకు ఫోనులో పంపింది. తను మూడో సంవత్సరం చదువుతోంది. రానున్న రెండు సెమిస్టర్లకు కలిపి పదకొండు సబ్జెక్టుల్లోంచి మూడు ఎంచుకుని వచ్చే వారంలోగా ఫారం ఇవ్వాలి. మీ వ్యాసంలో ‘గిరాకీ ఉన్న ఐదు’ అని ఒక పట్టిక ఉంది. అందులో మొదటిది మెషిన్ లెర్నింగ్, చివరిది ప్రమాణాలు-నియంత్రణలు. పరికరాలు పట్టే సంకేతాలను వడగట్టి విశ్లేషించడం నేర్పే సిగ్నల్ ప్రాసెసింగ్ ఆ ఐదింటిలో లేనే లేదు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి పరికరాల మధ్య బతుకుతున్నదాన్ని, ఆ పట్టిక చూసి ఊరుకోలేకపోయాను.

ముందు నా నిర్వాకం చెప్పుకోవాలి. నా చదువు రోజుల్లో ఎలక్టివ్ ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే, లెక్కలు తక్కువగా ఉండాలి. సిగ్నల్ ప్రాసెసింగ్ అనగానే సంకేతాన్ని తరంగాలుగా విడదీసే ఫోరియర్ లెక్కలు గుర్తొచ్చి, దాన్ని వదిలి ఆసుపత్రి నిర్వహణ తీసుకున్నాను. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో ఒక డాక్టరుగారు రెండు ఈసీజీ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. రోగి ఒక్కరే, వ్యవధి పది నిమిషాలు. మంచం పక్కనుండే మానిటర్ ఇచ్చిన కాగితంలో, గుండె కండరానికి రక్తం సరిగా అందుతోందో లేదో సూచించే ఎస్‌టీ భాగం కిందికి జారి ఉంది. ఈసీజీ యంత్రం ఇచ్చిన దానిలో సమంగా ఉంది. “రెండింట్లో ఏది నమ్మమంటారు?” అని అడిగారు.

నేను తీగలు మార్చాను, ఎలక్ట్రోడ్లు మార్చాను. చివరికి మానిటర్‌ను కంపెనీకి పంపాలని చీటీ కూడా రాశాను. ఆ మానిటర్‌కు ఏ జబ్బూ లేదు. రోగి కదిలినప్పుడు గీత ఊగకుండా ఉండాలని అది 0.5 హెర్ట్జ్ కంటే నెమ్మదైన మార్పులను కోసేస్తోంది. రోగ నిర్ధారణ కోసం తీసే ఈసీజీలో ఆ హద్దు 0.05 హెర్ట్జ్. ఎస్‌టీ భాగం నెమ్మదిగా సాగేది కనుక ఆ కోతకు దాని ఆకారమే మారిపోయింది. ఫిల్టర్ సెట్టింగు మారిస్తే తీరే పని. ఆ సంగతి నాకు చెప్పింది డిగ్రీ లేని ఒక సీనియర్ టెక్నీషియన్. పరీక్షల్లో తప్పించుకున్న సబ్జెక్టును ఆ తర్వాత ఏడాది పాటు రాత్రిపూట కూర్చుని చదివాను, ఈసారి మార్కులు వేసేవాళ్లు లేకుండా.

అందుకే మా అమ్మాయికి చెబుతున్నాను, విడివిడిగా మూడు పేర్లు ఏరుకోవద్దు, ఒకదాని మీద ఒకటి నిలిచేలా చూసుకోమని. ఎమ్మారై యంత్రం నేరుగా బొమ్మ తీయదు. 1.5 టెస్లా అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాలు దాదాపు 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చే సంకేతాలను పోగుచేసి, ఫోరియర్ పరివర్తనతో వాటిని బొమ్మగా మారుస్తుంది. సిగ్నల్ ప్రాసెసింగ్ తెలియకుండా మెడికల్ ఇమేజింగ్ క్లాసులో కూర్చుంటే మిగిలేది బొమ్మలు చూడటమే. కృత్రిమ కీళ్ల మీద ఆసక్తి ఉన్నవారి దారి వేరు. వారికి మెకానిక్స్ ముందు, ఒంట్లో అమర్చే పదార్థాల గురించి చెప్పే బయోమెటీరియల్స్ తర్వాత. టైటానియం మిశ్రలోహపు యంగ్ గుణకం, అంటే వంగకుండా సాగకుండా నిలిచే బిరుసుతనం, సుమారు 110 గిగాపాస్కల్స్, ఎముక గట్టి పొరది 20కి అటూ ఇటూ. బరువంతా లోహమే మోస్తే పక్కనున్న ఎముక పని లేక క్షీణిస్తుంది. ఇది అర్థం కావాలంటే పదార్థాల పేర్లు బట్టీపడితే చాలదు.

మెషిన్ లెర్నింగ్‌తో నాకు పేచీ లేదు. అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా అంకెలతో ఆడుకోవడంతోనే పేచీ. పల్స్ ఆక్సీమీటర్ ఎరుపు, పరారుణ కాంతుల శోషణను పోల్చి, ఆరోగ్యవంతులైన వాలంటీర్ల నుంచి ముందే తీసుకున్న కొలతల ఆధారంగా రక్తంలో ఆక్సిజన్ శాతం చూపిస్తుంది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఈ పరికరం పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోటు శ్వేతజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు కనిపించింది. ఆ శాతాలనే మేతగా వేసి తయారుచేసిన ప్రోగ్రాం ఎంత తెలివైనదైతే మాత్రం ఏం లాభం?

ఇక మీ పట్టికలో అట్టడుగున పడేసిన ప్రమాణాల సబ్జెక్టు. నిద్ర వస్తుందని విద్యార్థులు అంటారు, కాదనను. విద్యుత్తుతో నడిచే వైద్య పరికరాల భద్రతా ప్రమాణమైన ఐఈసీ 60601 చదువుతూ నేనూ కునికిపాట్లు పడ్డాను. కానీ ఆ క్లాసులో థెరాక్-25 కథ చెబితే ఎవరికీ నిద్ర రాదు. 1985, 1987 మధ్య ఆ రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు మితిమీరిన మోతాదు ఇచ్చింది. కొందరు చనిపోయారు. పాత నమూనాలో విడిగా ఉన్న రక్షణ సర్క్యూట్లను తీసేసి, ఆ భారం సాఫ్ట్‌వేర్ మీద వదిలేశారు. ఆపరేటరు టైపు చేసినదాన్ని చకచకా దిద్దుకుంటే లోపలి అమరిక మాత్రం పాతదే మిగిలిపోయే లోపం అందులో ఉంది. పరికరాల కోడు రాయబోయే పిల్లలు ఈ సబ్జెక్టును మార్కుల లెక్కతో దాటేస్తుంటే నాకు గుబులుగా ఉంటుంది.

మీ పట్టికల వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. తగినంత మంది చేరని ఎలక్టివ్‌ను చాలా కాలేజీలు ఆ సెమిస్టర్‌కు ఎత్తేస్తాయి. అందరూ గిరాకీ వెంట పరుగెత్తితే సిగ్నల్స్ క్లాసు మూతపడుతుంది. అప్పుడు ఇమేజింగ్ కోరుకున్నవారు పునాది లేకుండానే అందులోకి వెళ్లాలి. ఈసారి పట్టిక వేస్తే ప్రతి సబ్జెక్టు పక్కన దానికి ముందు ఏమి చదివి ఉండాలో, ల్యాబ్ గంటలెన్నో వేయండి. ఉద్యోగాల అంకె లేకపోయినా నష్టం లేదు.

మా ఇంట్లో ఫారం ఇంకా బల్ల మీదే ఉంది. మొదటి గడిలో సిగ్నల్ ప్రాసెసింగ్, రెండో గడిలో మెడికల్ ఇమేజింగ్ తనే రాసుకుంది. మూడో గడిలో తను పెన్సిలుతో మెషిన్ లెర్నింగ్ అని రాస్తే నేను చెరిపి ప్రమాణాలు అని రాశాను. ఈ ఉదయం చూస్తే మళ్లీ మెషిన్ లెర్నింగ్ అని ఉంది, ఈసారి పెన్నుతో.

ఇట్లు,
ఒక ఆసుపత్రి పరికరాల ఇంజినీరు