బుజ్జికి, రోజూ పదిహేను నిమిషాల రాత గురించి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో రోజూ ఏదో ఒకటి రాసుకోమంటే, "నాకు రాయడం రాదమ్మా, రాసినా ఎవరు చదువుతారు?" అన్నావు. ఎవరూ చదవరు కాబట్టే నీకు బాగా రాయడం రావాల్సిన పని లేదు. కథ రాయాలన్నా, పాట కట్టాలన్నా ప్రతిభ కావాలి. మనసులో తిరుగుతున్నదాన్ని కాగితం మీద పెట్టి చూసుకోవడానికి అక్షరాలు వస్తే చాలు.

"ఆఫీసులో ఏమీ బాగోలేదు" అనే మాట బుర్రలో గంటసేపు తిరిగినా అక్కడే ఉంటుంది. అదే మాట కాగితం మీద పెడితే, దాని కింద ఇంకో వాక్యం రాయాల్సి వస్తుంది. ఏం బాగోలేదు? ఎవరేమన్నారు? ఎప్పుడు? రాసే చేయి ఆలోచన కంటే నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా దాటిపోలేవు.

1986లో అమెరికాలో జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సాండ్రా బీల్ కలిసి కాలేజీ విద్యార్థుల చేత ఇలాగే రాయించారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు. కొందరు తమను బాగా బాధపెట్టిన సంఘటన గురించి రాశారు, కొందరు మామూలు విషయాలు రాశారు. జరిగినదాన్నీ, దానివల్ల తమకు కలిగిన బాధనూ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ సంగతి నువ్వు ముందే తెలుసుకోవాలి. లేకపోతే మొదటి రోజే "రాస్తే ఇంకా ఏడుపొస్తోంది" అని పుస్తకం పక్కన పడేస్తావు. 2006లో ఇలాంటి 146 పరిశోధనలను కలిపి చూస్తే లాభం ఉందని తేలింది, కానీ అది చిన్నదే. కాబట్టి నేనేమీ సంజీవని ఇస్తున్నానని అనుకోకు. పెన్నుకూ పుస్తకానికీ అయ్యే ఖర్చుతో ఆ మాత్రం మేలు దొరికితే వదులుకోవడం ఎందుకు?

ఇక ఎలా రాయాలో చెబుతాను, ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆఫీసులో ఒక రోజు బాగోలేదనుకో. సాధారణంగా మనం రాసేది ఇలా ఉంటుంది: "ఈరోజు చాలా చిరాకు. టీమ్ లీడ్ ఎప్పుడూ ఇంతే. నన్నెవరూ పట్టించుకోరు." ఇలా నెల రోజులు రాసినా చిరాకు ముదరడమే తప్ప తగ్గదు. దాన్నే ఇలా రాసి చూడు:

"సాయంత్రం నాలుగున్నర మీటింగ్‌లో, ఆరుగురి ముందు, లీడ్ నా రిపోర్టు చూసి 'ఇది మళ్లీ చూడాలి' అన్నారు. చెవులు వేడెక్కాయి, నోట మాట రాలేదు. అంత కష్టం ఎందుకనిపించిందంటే, మూడో పట్టికలో ఏదో తేడా ఉందని నాకు ముందే అనుమానం. అడగడానికి మొహమాటపడ్డాను. రేపు పదింటికల్లా వెళ్లి ఆ ఒక్క పట్టిక గురించి ఆయన్ని అడుగుతాను."

ఇందులో అందమైన వాక్యం ఒక్కటీ లేదు చూడు. మొదట కంటికి కనిపించింది, చెవికి వినిపించింది ఉన్నది ఉన్నట్టు. తర్వాత ఒంట్లో, మనసులో ఏమైందో. ఆ తర్వాత "ఎందుకంటే". చివర రేపు చేయగల ఒక చిన్న పని. ఈ నాలుగింటిలో అసలు పని చేసేది ఆ "ఎందుకంటే". పెన్నబేకర్ బృందం ఆ తర్వాత రాతల్లోని మాటలను లెక్కపెట్టి చూస్తే, కారణం చెప్పే మాటలు, "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు రోజురోజుకూ పెరిగినవాళ్లకే ఎక్కువ మేలు కనిపించింది. మొదటి రోజు రాసిన ఫిర్యాదునే నాలుగో రోజూ రాసినవాళ్లకు అంత కలిసిరాలేదు.

"ఎప్పుడూ", "ఎవరూ", "అంతా", "ఏమీ" అనే మాటలు దొర్లితే వాటి కింద గీత గీసి, పక్కనే ఒక్క ఉదాహరణ రాయి. ఎప్పుడూ అంటే ఏ రోజు? ఎవరూ అంటే ఏ ఇద్దరు? చాలాసార్లు ఆ మాట అక్కడే కరిగిపోతుంది. ఉదాహరణలు నిజంగానే వరుసగా దొరికితే, అది నీ చిరాకు కాదు, అక్కడ నిజంగా సమస్య ఉంది. అప్పుడు తేదీలతో సహా నీ దగ్గర రాసిపెట్టి ఉన్నట్టే. రేపు హెచ్‌ఆర్‌తో మాట్లాడాల్సి వచ్చినా తడబడవు.

నాలుగైదు రోజులు ఒకే బాధ రాస్తున్నా "ఎందుకంటే" దగ్గర కొత్త మాట రాకపోతే ఆ విషయం రాయడం ఆపేయి. అప్పుడు కావాల్సింది మనిషి. నాకో, నాన్నకో, నీ రూమ్మేట్‌కో చెప్పు. రాస్తూ ఉంటే ఊపిరాడనట్టు అనిపించినా వెంటనే పుస్తకం మూసేయి, ఆ విషయం ఈ రోజుకు వద్దు. నిద్ర, తిండి తప్పేదాకా వస్తే డాక్టర్‌ని కలవాలి. మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు.

పడుకునే ముందు మాత్రం ఇలాంటి బరువైన రాత పెట్టుకోకు. అది సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీ తాగాక రాయి. రాత్రికి వేరే రాత ఉంది, అయిదు నిమిషాలది: రేపటి పనుల చీటీ. 2018లో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందితో పడుకునేముందు అయిదు నిమిషాలు రాయించారు. రాబోయే పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసుకున్నవాళ్ల కంటే సుమారు తొమ్మిది నిమిషాల ముందే నిద్రలోకి జారుకున్నారు. పనులు ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. కాబట్టి "బ్యాంకు పని" అని రాయకు. "గురువారం పదకొండింటికి బ్యాంకు, ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు" అని రాయి. కాగితం మీద ఉన్నదాన్ని రాత్రంతా గుర్తుపెట్టుకోవాల్సిన పని నీకుండదు.

నువ్వు రాద్దామనుకుంటున్న పరీక్షకు కూడా ఇదే పెన్ను పనికొస్తుంది. పాఠం ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగులో చేర్చు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. అందుకే రాసేటప్పుడు "నాకేమీ రాలేదే" అనిపిస్తుంది, దానికి కంగారుపడకు.

నీ తలనొప్పి సంగతి కూడా రాసిపెట్టు. ఎన్నింటికి మొదలైంది, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయావు, భోజనం ఎన్నింటికి చేశావు, నెలసరి తేదీ, వేసుకున్న మాత్ర. రోజుకు ఒక్క వరుస చాలు. డాక్టర్ అడిగేవి ఇవే.

ఏమీ జరగని రోజున ఏం రాయాలంటావేమో. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు కవి కారు, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోని మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి. దారి పొడుగునా ప్రతి మజిలీలో ఆ ఊరు ఎలా ఉంది, ఎంత దూరం, ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అని మామూలు మాటల్లో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై గారికి రాస్తూ వచ్చారు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు, 1838లో ఆ రాతలు కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. ఆనాటి దారులూ మనుషులూ ఎలా ఉండేవారో తెలుసుకోవాలంటే ఇప్పటికీ అవే తీసి చూస్తారు. నువ్వూ అలాగే కళ్లముందున్నది రాయి. ఇవాళ ఆటోకు ఎంతయింది, మెస్‌లో పప్పు ఎలా ఉంది, మీ వీధిలో ఏ చెట్టు పూసింది. అయిదు వరుసలకే ఆగిపోయినా ఆ రోజు రాసినట్టే లెక్క.

తేదీలు అచ్చేసిన డైరీ కొనకు. నాలుగు రోజులు రాయకపోతే ఆ ఖాళీ పేజీలు నిలదీస్తున్నట్టుంటాయి, అయిదో రోజు తెరవబుద్ధి కాదు. రూళ్లున్న 200 పేజీల నోటుబుక్కు, గీరుకోకుండా సాగే బాల్‌పెన్ను చాలు. తేదీ నువ్వే వేసుకో. ఫోన్‌లో రాసినా తప్పులేదు కానీ, పక్కన వాట్సాప్ మోగుతూ ఉంటే "ఎందుకంటే" దాకా వెళ్లలేవు. తెలుగు, ఇంగ్లీషు, రెండూ కలిపి, నీకెలా వస్తే అలా రాయి. కొట్టివేతలు ఉండనీ. మధ్యలో వెనక్కి వెళ్లి వాక్యం సరిదిద్దకు, ఎవరో చూస్తారన్న ఊహ వచ్చేది అక్కడే. ఆ ఊహ వచ్చాక నిజం రాయలేం.

అలవాటు కుదరడానికి 21 రోజులు చాలంటారు, నమ్మకు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 2010లో చేసిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది, ఒకరికి 18, ఇంకొకరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు చెడలేదని కూడా వాళ్లు చూశారు. రోజు తప్పితే మర్నాడు రెట్టింపు రాయకు, మామూలుగా కూర్చో. మర్నాడు కూర్చోవడమే ముఖ్యం.

రాసినవి వెంటనే తిరిగి చదవకు. నెలకోసారి, ఆదివారం పొద్దున, వేరే రంగు పెన్ను పట్టుకుని చదువు. మళ్లీ మళ్లీ వచ్చిన పేరు, మళ్లీ మళ్లీ వచ్చిన భయం కింద గీత గీయి. "రేపు చేస్తాను" అని రాసి చేయనివి కూడా వెతుకు. ఆ పేజీల్లో కనిపించేది నీకు ఇంకెవరూ చెప్పలేరు, నేను కూడా.

నిండిన పుస్తకాలు నీవి. సూట్‌కేసులో పెట్టి తాళం వేసుకో, వద్దనుకుంటే చింపి పారేయి. సెలవులకు ఇంటికి తెచ్చినా నేను తెరవను, నాన్ననూ, తమ్ముణ్నీ తెరవనివ్వను. పార్శిల్‌లో కందిపొడి, గోంగూర పచ్చడితో పాటు రెండు నోటుబుక్కులు, నాలుగు పెన్నులు పెట్టాను. పచ్చడి సీసా మూత వదులుగా ఉంటుంది, నిలబెట్టే ఉంచు.

ఉంటాను తల్లీ,
అమ్మ