విషయం: జయపురం–భువనేశ్వర్ విమాన దూరం, ప్రయాణ సమయం యాప్‌లో తప్పుగా చూపడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

జయపురం (కోరాపుట్ జిల్లా, ఒడిశా) నుంచి భువనేశ్వర్‌కు మీ యాప్‌ 325 కిలోమీటర్లు, 24 నిమిషాలు అని చూపుతోంది. రెండూ తప్పే.

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలతో భూమి వంపు మీదుగా లెక్క కడితే దూరం సుమారు 375 కి.మీ., అంటే 202 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలుకు 1.852 కి.మీ. మీ ప్రోగ్రాం ఆ 202ని మామూలు మైళ్లనుకుని 1.609తో గుణిస్తున్నట్టుంది. కాగితం మీద వేసి చూడండి, సరిగ్గా మీ 325 వస్తుంది.

సమయం సంగతి ఇంకా ఘోరం. ప్రతి విమానాన్నీ గంటకు 800 కి.మీ. వేగంతో ఎగరేస్తున్నారు. ఈ సర్వీసు 2022 అక్టోబరులో మొదలైందే సెస్నా గ్రాండ్ కారవాన్‌తో. 9 సీట్లు, ముందు పంకా తిరిగే ఒకే ఇంజను. దాని వేగం గంటకు 300 నుంచి 340 కి.మీ. మధ్య. 375ని 300తో భాగిస్తేనే గంటంపావు. రన్‌వే దాకా వెళ్లడం, ఎత్తుకు ఎక్కడం, భువనేశ్వర్‌లో దిగడానికి వంతు రావడం కలిపితే ఇంకో పావుగంట.

జెట్‌లకైనా మీ భాగహారం నిలవదు. భువనేశ్వర్–హైదరాబాద్ దాదాపు 847 కి.మీ.; మీ లెక్కన గంటా 4 నిమిషాలు. 10,000 అడుగుల లోపు 250 నాట్లు (గంటకు 250 నాటికల్ మైళ్లు) దాటకూడదన్న నియమం ఉంది కదా, అది గంటకు సుమారు 463 కి.మీ. వేగమే. పైగా చలికాలంలో పైగాలులు పడమటి నుంచి వీస్తాయి గనక హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి. టైంటేబుల్‌లో గంటన్నర పైన వేసేది ఇందుకే.

ఈ 24 నిమిషాలు నమ్మితే జయపురంలో బయల్దేరిన రెండు గంటలకే భువనేశ్వర్‌లో వేరే టికెట్ మీద హైదరాబాద్ విమానం అందుతుందనిపిస్తుంది. అందదు. సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయించాలి, కౌంటరేమో గంట ముందే మూసేస్తారు. డబ్బు పోయేది ప్రయాణికుడిది.

జయపురం నుంచి విశాఖ నగర విమానాశ్రయానికి మీరు చూపే 147 కి.మీ. కాకి ఎగిరే దూరం. సుంకి ఘాటు దిగి సాలూరు మీదుగా రోడ్డు సుమారు 220 కి.మీ., కారులో ఐదారు గంటలు.

ఇక తెలుగు తెర మీద మా ఊరికీ, రాజస్థాన్ రాజధానికీ ‘జైపూర్’ అని ఒకటే పేరు. రాజస్థాన్ జైపూర్ భువనేశ్వర్‌కు 1,250 కి.మీ. పైమాటే. మాది ‘జయపురం’ అని రాసి, పక్కన మా విమానాశ్రయం కోడ్ పి.వై.బి. వేయండి.

గుణకం 1.852కు మార్చడం ఒక్క వరుస పని, వెంటనే చేయండి. సమయానికి విమానసంస్థ టైంటేబులే వాడండి. అది దొరక్కపోతే గడి ఖాళీగా వదిలేయండి. ఈలోగా తప్పు సమయం చూసి టికెట్ కొన్నవారికి రద్దు ఛార్జీ లేకుండా మొత్తం వాపసు ఇవ్వాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
జయపురం టికెట్ ఏజెంట్లు