ఆకారం తెలిస్తే పని తెలిసిపోతుందా?

తార్నాక, హైదరాబాద్

ఒరేయ్ కిరణ్,

ఎలా ఉన్నావురా? ఇంట్లో అందరూ కులాసాయేనా? "ఆల్ఫాఫోల్డ్ వచ్చాక ప్రోటీన్ల ఆకారాలన్నీ తెలిసిపోయాయిగా, ఇంక మీ ల్యాబులో పనేముంది?" అని మొన్న ఫోన్లో అడిగావు. హబ్సిగూడ ట్రాఫిక్ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. తీరిగ్గా రాస్తున్నాను, చదువు.

ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసి పెట్టింది, నిజమే. కానీ అన్ని ప్రోటీన్లున్నా, అవి మడతపడే తీరులు మాత్రం చాలా తక్కువ. అందుకే 1995లో కేంబ్రిడ్జిలో ముర్జిన్, చోథియా అనే శాస్త్రవేత్తలు, వాళ్ల తోటివాళ్లు స్కాప్ అనే ప్రోటీన్ ఆకారాల వర్గీకరణ మొదలుపెట్టారు. ప్రోటీన్‌లో ఉన్నవి ఆల్ఫా హెలిక్సులా (స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు), బీటా షీట్లా (పక్కపక్కన పరుచుకున్న పోగులు) అన్నదాన్ని బట్టి క్లాసు, వాటి అమరికను బట్టి ఫోల్డు, అంటే మడతపడ్డ తీరు, ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఛాయలు కనిపిస్తే సూపర్‌ఫ్యామిలీ, మరీ దగ్గరి చుట్టాలైతే ఫ్యామిలీ. చాలావరకు మనుషులే కంటితో చూసి చేసిన పని అది! నాకు వాళ్లంటే ఎంత గౌరవమో చెప్పలేను.

ఇక అసలు సంగతి. కోడిగుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ ఉంటుంది. బ్యాక్టీరియా గోడలోని చక్కెర గొలుసును తెంచేస్తుంది. పాలలో ఆల్ఫా లాక్టాల్బుమిన్ ఉంటుంది. రెండింటి ఫోల్డూ ఒకటే, అమైనో ఆమ్లాల వరుస కూడా దాదాపు 40 శాతం కలుస్తుంది. అయినా పాలలోది దేన్నీ తెంచదు. ఇంకో ఎంజైమ్ పక్కన చేరి, దాని చేత లాక్టోజ్ తయారు చేయిస్తుంది. ఎందుకంటే లైసోజైమ్‌లో 35వ స్థానంలో ఉండి కోత కోసే గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పాలలోని దాంట్లో లేదు. ఇల్లంతా అలాగే ఉంది, పనిముట్టు ఒక్కటి మారింది.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. మన పేగుల్లోని కైమోట్రిప్సిన్‌కీ, బ్యాక్టీరియాలోని సబ్టిలిసిన్‌కీ ఫోల్డుల్లో పోలికే లేదు. కానీ సెరీన్, హిస్టిడిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, ఆ మూడు అమైనో ఆమ్లాలూ రెండింట్లోనూ అచ్చం ఒకేలా కూర్చుని ప్రోటీన్లను కోస్తాయి.

అలాగని ఫోల్డు తెలిసీ లాభం లేదనుకోకు. నేను చూస్తున్న ప్రోటీన్‌ది టిమ్ బ్యారెల్ అనే ఫోల్డు. ఎనిమిది బీటా పోగులు మధ్యలో పీపాలా, చుట్టూ ఎనిమిది హెలిక్సులు. ఈ ఫోల్డున్న ఎంజైములు రకరకాల పనులు చేస్తాయి కానీ, పని జరిగే చోటు మాత్రం బీటా పోగుల సి-టెర్మినల్ చివరే, అంటే అమైనో ఆమ్లాల వరుసలో ఒక్కో పోగు ముగిసే వైపే. అంటే ఎక్కడ వెతకాలో ఫోల్డు చెప్పేసింది, ఏం చేస్తుందో ప్రయోగం చేసి నేను తేల్చాలి. మా పని అదేరా!

సంక్రాంతికి వస్తావుగా, ల్యాబుకు తీసుకెళ్తాను. లైసోజైమ్‌నీ లాక్టాల్బుమిన్‌నీ స్క్రీన్ మీద ఒకదానిమీద ఒకటి పెట్టి చూపిస్తా. టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో.

నీ
శేఖర్