రూం నంబర్ 214 మాస్టారికి

నేను నిద్రపోయి ముప్పై గంటలు దాటింది, తప్పులుంటే సర్దుకోండి. పడుకుని లేచాక రాద్దామంటే అప్పటికి ఈ థాంక్స్ మాటలు చల్లారిపోతాయేమోనని ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఓ 40 పడకల నర్సింగ్ హోంలో ఫ్రంట్ ఆఫీసు చూస్తాను. చిన్న ఆసుపత్రి కదా, ప్రింటర్ ఆగినా, ఫోన్ ఆగినా పిలుపు నాకే వస్తుంది. మొన్న సాయంత్రం బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మార్చాం. వచ్చిన కుర్రాడు కొత్త రూటర్‌కి పాత అడ్రసే, 192.168.1.1, పెట్టి, రిసెప్షన్ కంప్యూటర్లో యూట్యూబ్ ఆడించి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. గంట తిరక్కుండానే బయటి నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది. ఇంకాసేపటికి లోపల ఒక గది నుంచి ఇంకో గదికి కూడా సరిగా వెళ్లడం లేదు. నంబర్ నొక్కితే చాలాసేపు చప్పుడే ఉండదు, ఎప్పటికో ఒకసారి మోగుతుంది. నెట్ మాత్రం బ్రహ్మాండం.

నెట్ వాళ్లు "నెట్ వస్తోంది కదండీ" అన్నారు. సిప్ ట్రంక్ (నెట్ మీదుగా మా ఫోన్లని బయటికి కలిపే లైను) ఇచ్చినవాళ్లు "మీ ఫైర్‌వాల్ చూసుకోండి" అన్నారు, అంటే నెట్ రాకపోకలకి మా వైపు ఉండే కాపలా. ఫోన్ సిస్టం అమ్మినాయన ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం) అయిపోయిందన్నాడు. అన్నిటికంటే గొప్ప మాట ట్రంక్ వాళ్ల హెల్ప్‌లైన్‌ది: ఫిర్యాదు చేయాలంటే రిజిస్టర్డ్ నంబర్ నుంచే చేయాలట. అమ్మా, ఆ నంబరే పనిచేయడం లేదు! ఈలోగా నొప్పులు పడుతున్న ఒకమ్మాయిని నల్లజర్ల నుంచి ఆటోలో తెచ్చారు. దారిలో నాలుగుసార్లు మాకు ఫోన్ చేశారట. తల్లీ బిడ్డా క్షేమం, కానీ ఆ అమ్మాయి తండ్రి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

అర్ధరాత్రి దాటాక మెట్ల కింద ఫోన్, నెట్ పెట్టెలుండే రాక్ ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. రూం 214 నుంచి ఒక పెద్దాయన దిగి వచ్చారు. కళ్లజోడుకి నల్ల తాడు, చేతిలో స్టీల్ ఫ్లాస్కు. "సిస్టరమ్మ కోసం తొమ్మిది నొక్కి నొక్కి వేలు నొప్పెట్టింది బాబూ" అన్నారు. పొద్దున్నే వాళ్లావిడకి తుంటి ఆపరేషన్. తిట్టడానికే వచ్చారనుకున్నాను, తిట్టినా న్యాయమే. ఆయన నన్నూ, ఆ వైర్లనూ చూశారు. ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతిలో పెట్టి, "ముందు ఇది తాగు. మిషన్ ఎక్కడికీ పోదు" అన్నారు.

అంతే. ముప్పై ఎనిమిదేళ్లవాణ్ణి, బాత్రూం చీపుళ్ల పక్కన కూర్చుని ఏడ్చేశాను. పొద్దుట్నుంచి అంతమంది నాతో మాట్లాడారు గానీ, ఏమైనా తిన్నావా, తాగావా అన్నవాళ్లు లేరు. ఆయన ఏమీ పట్టనట్టు అటు తిరిగి, కేబుళ్ల మీద చీటీలు చదువుతూ నిలబడ్డారు.

నర్సుని పైకి పంపించాక మళ్లీ దిగి వచ్చారు. టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారట. ఫోన్ సిస్టం పెట్టెని చూపించి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ పెట్టె నుంచి అంకెలతో వెళ్తోందా, పేరుతో వెళ్తోందా?" 8.8.8.8కి (గూగుల్ వాళ్ల అడ్రసు) పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, జవాబు టకటకా వచ్చింది. ట్రంక్ సర్వర్ పేరు కొడితే ఉలుకూ పలుకూ లేదు. మాస్టారు నవ్వారు. "మా రోజుల్లో నంబర్ తెలియకపోతే 197కి చేసి పేరు చెప్పేవాళ్లు, అవతల నంబర్ చెప్పేవారు. నీ పెట్టె ఇంకా పాత ఊరి 197నే అడుగుతోంది. వాళ్లు మనవాళ్లకి తప్ప చెప్పం అని కూర్చున్నారు."

నిజంగా అదే. ఆ పెట్టె సెట్టింగుల్లో డీఎన్‌ఎస్ (పేరు అడిగితే అంకెల అడ్రసు చెప్పే సర్వర్) దగ్గర రెండూ పాత కంపెనీ అడ్రసులు, ఎప్పుడో ఎవరో చేత్తో కొట్టినవి. చాలా కంపెనీల డీఎన్‌ఎస్‌లు తమ కస్టమర్లకి తప్ప జవాబివ్వవు. కంప్యూటర్లన్నీ కొత్త రూటర్ ఇచ్చింది తీసుకున్నాయి కాబట్టి యూట్యూబ్ ఆడింది. మరి లోపలి ఫోన్లెందుకు ఆగాయండీ అని అడిగాను. మాది పాత ఆస్టెరిస్క్, అంటే ఫోన్ సిస్టంని నడిపే సాఫ్ట్‌వేర్. అందులో సిప్ కాల్స్ చూసుకునే పాత భాగం పేరు కోసం అడిగి, జవాబొచ్చేదాకా మిగతా ఫోన్లని పట్టించుకోదు. ఒక్కో సర్వర్‌కి 5 సెకన్లు, రెండు సర్వర్లు, రెండేసిసార్లు, మొత్తం 20 సెకన్లు. అయ్యాక మళ్లీ మొదలు. (ఆ భాగాన్ని ఆస్టెరిస్క్ 21లో తీసేశారని తర్వాత చదివాను. మా పెట్టెకి ఆ కబురు అందలేదు.)

రెండు అడ్రసులు మార్చి రీస్టార్ట్ చేశాను. ఎర్రగా ఉన్న ట్రంక్ పచ్చబడింది. మాస్టారు తన సెల్ నుంచి మా నంబర్‌కి కొట్టారు. ఖాళీ రిసెప్షన్‌లో ఫోన్ మోగింది. ఇద్దరం దాన్ని ఎత్తకుండా అలా వింటూ ఉండిపోయాం. అప్పటికి రెండు దాటింది. మూడింటికి నెట్ కంపెనీ నుంచి మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు నాయనా?

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యాహ్నం 214 నుంచి నాకు కాల్: "బాబూ, సెలైన్ అయిపోవచ్చింది, సిస్టరమ్మని పంపు."

మా ఆవిడ, తమ్ముడు రాత్రంతా ఫోన్లోనే ఉన్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

అన్నట్టు మర్చిపోయాను, ఆ పెట్టె పాస్‌వర్డ్ మా దగ్గర లేనే లేదు. కువైట్‌లో నైట్ డ్యూటీలో ఉన్న మా పాత ఉద్యోగి గుర్తు తెచ్చుకుని చెప్పాడు. కువైట్ తమ్ముడూ, నువ్వు లేకపోతే అసలు ఏమీ లేదు. రాత్రంతా మెట్లెక్కి దిగిన సిస్టర్లిద్దరికీ, తన సెల్ నంబర్ అట్ట మీద రాసి గేటుకి కట్టిన మెడికల్ షాపు అబ్బాయికీ కూడా దండాలు. వాచ్‌మన్ తాతకీ, టార్చి ఆయనదే.

ఫ్లాస్కు మూత ఇంకా రాక్ మీదే ఉంది. లేచి ముందు అది ఇచ్చి రావాలి.