విదేశాంగ మంత్రి గారికి: ఆ మాట అనడానికి ఏం అడ్డొస్తోంది?

మంత్రి గారికి నమస్కారం.

2021 అక్టోబర్‌లో మీరు ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లినప్పుడు, 1915లో ఒట్టోమన్ (నేటి టర్కీ) పాలకులు చంపించిన ఆర్మేనియన్ల స్మారకం దగ్గర నివాళులు అర్పించారు. సంతోషం. కానీ దాన్ని జాతి హననంగా, అంటే జెనోసైడ్‌గా, మన ప్రభుత్వం ఇంతవరకూ అధికారికంగా గుర్తించలేదు. తల వంచడానికి రాని ఇబ్బంది పేరు పెట్టడానికి ఎందుకొస్తోందండీ?

మనల్నొక్కరినే అనడం లేదు లెండి. ఆ మాట అంటానని 2008 ప్రచారంలో హామీ ఇచ్చిన ఒబామా, గెలిచాక ఎనిమిదేళ్లూ టర్కీ నొచ్చుకోకుండా 'మెడ్స్ యెఘెర్న్' (మహా విపత్తు) అని ఆర్మేనియన్ భాషలో చెప్పి సరిపెట్టారు. 2019 అక్టోబర్‌లో టర్కీ సైన్యం ఉత్తర సిరియాలోకి దిగిందో లేదో, అదే నెలలో అమెరికా ప్రతినిధుల సభ 405-11 ఓట్లతో తీర్మానం చేసేసింది, 2021లో బైడెన్ కూడా అనేశారు. మధ్యలో కొత్త సాక్ష్యమేదో దొరికిందని కాదు, స్నేహం చెడింది.

రువాండా సంగతి ఇంకా ఘోరం. 1994 జూన్ నాటికి అక్కడ లక్షల మందిని నరికేశారు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి మాత్రం 'జెనోసైడ్ చర్యలు' జరిగాయంటుంది తప్ప 'జెనోసైడ్' అనదు. అలాంటి చర్యలు ఎన్ని కలిస్తే ఒక జెనోసైడ్ అవుతుందని ఓ విలేకరి అడిగేశాడు. దానికి జవాబు చెప్పే స్థితిలో తాను లేనందామె. ఆ మాట అనేస్తే, జాతి హననాన్ని అడ్డుకోవాలన్న 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం ఆపాల్సిన బాధ్యత నెత్తిన పడుతుందని భయం, అంతే కదా.

ఆ ఒప్పందాన్ని మనం 1959లోనే ఆమోదించాం, దానికి తగ్గ చట్టం మాత్రం చేసుకోలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో 2018లో తీర్పిస్తూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటు వెంటనే పూడ్చాలంది. ఆ తర్వాత కొత్తగా రాసుకున్న న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. చట్టం హోం శాఖ పని అంటారేమో, సరే, గుర్తింపు మీ శాఖదే కదా. బ్రిటన్ ప్రభుత్వంలా 'జాతి హననమో కాదో కోర్టులు తేల్చాలి' అనడానికీ లేదు, మన సమ్మతి లేకుండా అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగకూడదని ఆ ఒప్పందంలోని 9వ అధికరణం మీద మెలిక పెట్టుకున్నది మనమే.

అందుకని అడిగేదొక్కటే. ఏ సాక్ష్యం ఉంటే, ఎవరు తేల్చితే మన దేశం గుర్తిస్తుందో కాగితం మీద రాసి పార్లమెంటు ముందు పెట్టండి. ఎదుటి దేశం మనకు మిత్రుడా కాదా అన్న గడి అందులో ఉండకూడదు. మొదట 1915ని, తర్వాత 1971లో తూర్పు పాకిస్తాన్‌లో జరిగినదాన్ని దానితో కొలిచి, వచ్చిన జవాబు బయటికి చెప్పండి.