వార్డంతటికీ ఒకే స్విచ్చు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నిరుడు ఎండాకాలంలో తుంటి ఎముక విరిగిన మా అమ్మ, నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పదకొండు రాత్రులు ఉన్నది. ఆపరేషన్ చేసిన డాక్టర్ల మీద గాని, కాలు నిలవకుండా తిరిగిన నర్సుల మీద గాని నాకు ఫిర్యాదు లేదు. నా విన్నపమంతా ఆ వార్డు కట్టిన తీరు గురించే.

ఆ వార్డులో పన్నెండు ట్యూబులైట్లకు కలిపి తలుపు పక్కన ఒకే స్విచ్చు ఉన్నది. అర్ధరాత్రి ఒక్క మంచం దగ్గర ఇంజెక్షన్ ఇవ్వాలన్నా అన్ని లైట్లూ వెయ్యక తప్పదు కనుక, గంటగంటకూ వేసి ఆర్పేకంటే తెల్లవార్లూ వెలగనివ్వడమే నర్సుకు సులువు. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కొని పడుకునేది. మూడో రాత్రి, "ఈ దవాఖానల పొద్దే గూకదా బిడ్డా?" అని అడిగింది. లైట్లు ఒక ఎత్తైతే, మందుల ట్రాలీ మరో ఎత్తు. దాని ఒక చక్రం తుప్పుపట్టి ఉండడంతో, అది గచ్చు అతుకుల మీదుగా వచ్చినప్పుడల్లా వార్డంతా ఉలిక్కిపడేది. ఆసుపత్రుల చుట్టూ కనీసం నూరు మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని, అక్కడ రాత్రివేళ 40 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రోడ్డు మీది హారన్‌కున్న ఆ పట్టింపు లోపలి ట్రాలీకి ఎందుకు లేదో నాకు అర్థం కాదు. నిద్ర లేని మనిషికి నొప్పి ఎక్కువగా తెలుస్తుందని, పెద్ద వయసువారు ఆపరేషన్ తరువాత మతి తప్పి మాట్లాడడానికి నిద్రలేమి కూడా ఒక కారణం కావచ్చని డాక్టర్లే చెబుతారు.

కిటికీల సంగతి ఇంకా చిత్రం. ఆడవాళ్ల వార్డు కనుక మరుగు కోసమని కాబోలు, కింది అద్దాలన్నిటికీ తెల్లరంగు పూశారు. బయట పెద్ద కానుగ చెట్టు ఉన్నది గాని, అది నిలబడ్డవారికే కనిపిస్తుంది. ఏడో రోజున అమ్మను కిటికీ పక్క మంచానికి మార్చినప్పుడు చూశాను: అంతకుముందు ఆ మంచం మీద ఉన్నవారెవరో, పడుకున్న మనిషి కళ్లకు సరిగ్గా ఎదురుగా, ఆ రంగును గోటితోనో రూపాయి బిళ్లతోనో అరచేతి మేర గీకి పెట్టారు.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు, పిత్తాశయం ఆపరేషన్ జరిగిన 46 మంది రికార్డులను జంటలు జంటలుగా పోల్చి సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవారికంటే చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవారు సగటున ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారని, బలమైన నొప్పి మందులు తక్కువగా వాడారని ఆయన గమనించారు. ఒక్క ఆసుపత్రికి చెందిన చిన్న అధ్యయనమే అది. చెట్టును చూస్తే ఎముక అతుకుతుందని నేనూ అనను. కానీ ఆ రంగు గీకిన మనిషి ఏ పరిశోధనా చదివి ఉండరు.

మన జిల్లాకు ప్రత్యేకమైన మాట ఒకటి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయినవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. మంచినీళ్లు వచ్చినా వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. అటువంటివారు చేరే ఎముకల వార్డులో కింద కూర్చునే మరుగుదొడ్లే ఉండి, గోడకు పట్టుకొని లేవడానికి ఒక కడ్డీ అయినా లేకపోతే, వారు ఏం చేస్తారో తెలుసా? దొడ్డికి పోవలసి వస్తుందని తిండి, నీళ్లు తగ్గించుకుంటారు. అమ్మ పక్క మంచం ఆమె సాయంత్రం చాయ కూడా ముట్టేది కాదు.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి; వాటి వెంట పడకలూ పెరిగాయి. అందుకు సంతోషమే. 2015 నుంచి ఉన్న కాయకల్ప పథకం పుణ్యమా అని ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేస్తున్నారు. ఇక కొత్త వార్డుల డ్రాయింగులు ఖాయం చేసేముందు, రాత్రి డ్యూటీ చేసే ఇద్దరు నర్సులకు, నాలుగు రోజులు మంచం పట్టి లేచిన ఒక రోగికి వాటిని చూపించాలని ఇంజినీర్లకు ఆదేశమివ్వండి. మంచానికొక చిన్న దీపం, దానికి వేరే స్విచ్చు, కిటికీ అడుగు అంచు పడుకున్నవారి చూపుకు అందే ఎత్తు, ఎముకల వార్డుకు కమోడ్, పట్టుకునే కడ్డీ: కట్టేటప్పుడు వీటికయ్యే ఖర్చు బిల్లులో కనిపించనంత చిన్నది, కట్టిన తరువాతైతే గోడలు పగలగొట్టాలి.

పాత వార్డులకు రబ్బరు చక్రాలు, కాస్త నూనె చాలు. అమ్మ ఉన్న వార్డుకు మళ్లీ రంగులు వేయబోతున్నారని విన్నాను. ఈసారి కింది అద్దాలకు పూయకుండా, మరుగు కోసం సగం ఎత్తు వరకు, కావలసినప్పుడు జరుపుకొనే తెర వేయించమని మనవి.

ఇట్లు,
నల్లగొండ జిల్లా వాసి