బోనాలకు కెమెరాలు సిద్ధం చేసుకోండి

ఫోటోగ్రాఫర్ మిత్రులారా, ఆషాఢం దగ్గరపడింది. పెళ్లి ముహూర్తాలు లేని నెల, మనకు చేతిలో పని తక్కువ. గోల్కొండలో మొదలయ్యే బోనాలు సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి, లాల్ దర్వాజా దాటేసరికి ఎన్నో ఆదివారాలు దొరుకుతాయి.

గత ఏడాది బోనమెత్తిన ఒక కుటుంబాన్ని అడిగి నాలుగు ఫోటోలు తీశాను. డబ్బు అడగకుండా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పంపాను. మూలన చిన్న అక్షరాలతో నా పేరు, ఫోను నంబరు, అంతే. శ్రావణంలో వాళ్లింటి నిశ్చితార్థం నాకే వచ్చింది. ఫోటో నడిమధ్య పేరు అచ్చేస్తే స్టేటస్‌లో ఎవరు పెట్టుకుంటారు చెప్పండి!

విజిటింగ్ కార్డులు అడిగినవారికే ఇవ్వండి. గుంపులో పంచితే రోడ్డు పాలే (నావి నేనే తొక్కుకుంటూ వచ్చాను). పోతరాజు ఆటకు షట్టర్ వేగం 1/500 సెకను కన్నా తగ్గించకండి, కొరడాకు దూరంగా నిలబడండి. పూనకంలో ఉన్నవారి ఫోటోలనూ, పిల్లల ఫోటోలనూ అనుమతి లేకుండా ప్రచారానికి వాడవద్దు.

వినాయక మండపాల కమిటీలతో ఇప్పుడే మాట్లాడుకోవాలి, చవితి ముందురోజు వెళితే ఎవరూ వినరు. మా వీధి మండపం నాది. మిగతావి ఎవరెవరు చూస్తారో ఈ రాత్రికల్లా ఇక్కడ రాయండి.